డ్యూటీ తువ్వాలు

చల్లగా ఉంటుంది, ముందు గుర్తొచ్చేది అదే. ఆ సంగతి ఎవరూ ముందుగా చెప్పరు. పొట్ట మీద స్కానింగు జెల్లు పడగానే శ్రీసత్య ఊపిరి బిగబట్టింది, అతను ఆమె మణికట్టు పట్టుకున్నాడు. ధైర్యం చెప్పడానికి పట్టుకున్నానని పదమూడేళ్ళుగా తనకు తాను చెప్పుకుంటున్నాడు. భార్యకు ధైర్యం చెప్పేవాడు అరచెయ్యి పట్టుకుంటాడు. మణికట్టు పట్టుకునేది కదలకుండా ఉండడానికి. ఈ తేడా నీలకంఠానికి ఇవాళ, ఉక్కునగరంలో ఒక క్వార్టర్స్ మెట్ల మీద, చచ్చిపోయిన మనిషి పడి ఉన్న చోట గీసిన సుద్దగీతను చూస్తూ ఉండగా తట్టింది.

"ఏటి బావా, మెట్లు లెక్కెడతన్నావా?" అన్నాడు పై నుంచి పోలిరాజు.

సర్కిల్ ఇన్‌స్పెక్టర్ పోలిరాజు, నీలకంఠం ఒకే ఏడాది ఎస్సైలుగా చేరారు. ఎనిమిదేళ్ళకు నీలకంఠం రాజీనామా చేసి, కంచరపాలెంలో ఒక గది తీసుకుని ప్రైవేటు డిటెక్టివ్ అని బోర్డు పెట్టుకున్నాడు. ఆ బోర్డు గుర్తొస్తే పోలిరాజుకు నవ్వు. ఇవాళ నవ్వుతూనే లోపలికి రానిచ్చాడు.

"టైమెంత?"

"మూడూ పది. ఆరింటికి ఆ ఆరిఫ్‌గాణ్ని మేజిస్ట్రేటు గారి ముందరెట్టాల. ఆలోగా నీ తెలివంతా సూపించీ."

నిన్న శుక్రవారం. మధ్యాహ్నం రెండుంబావుకు రెండో అంతస్తు ఆవిడ తలుపు తీసేసరికి, మూడో అంతస్తు నుంచి దిగే మెట్ల మలుపులో తాయారు పడి ఉంది. యాభై దాటిన మనిషి. ఒకప్పుడు ఏదో నర్సింగ్ హోములో ఆయా. రెండేళ్ళుగా నల్లసంచి భుజాన వేసుకుని ఇళ్ళకు తిరుగుతోంది. సంచిలో ఒక ల్యాప్‌టాప్, దానికి వైరుతో తగిలించి పొట్ట మీద తిప్పే స్కానింగు పిడి ఉంటాయి. ఆ పిడిని ప్రోబు అంటారు, అరచేతిలో ఇమిడిపోతుంది. కడుపులో ఉన్నది ఆడో మగో చెప్పడం నేరమని ఆస్పత్రి గోడల మీద రాసి ఉంటుంది. ఇళ్ళ గోడల మీద ఎవరు రాస్తారు? పదమూడేళ్ళ క్రితం శ్రీసత్యను వెంటబెట్టుకుని తనే వెళ్ళాడు యంత్రం దగ్గరికి. బీరువా అంత ఉండేది. ఇప్పుడు యంత్రమే ఇంటికొచ్చి చెప్పులు విప్పి కూర్చుంటోంది.

సంచి తాయారు పక్కనే ఉంది. ల్యాప్‌టాప్ అందులోనే ఉంది. ప్రోబు లేదు. ఆస్పత్రికి చేరేలోగా ఆమె ప్రాణం పోయింది. పడ్డాక పావుగంటైనా బతికి ఉండి ఉంటుందని డాక్టరు అన్నాడు.

ఆ ల్యాప్‌టాప్ బాగుచెయ్యడానికి ఊళ్ళోని పాతబస్తీ నుంచి మూడో అంతస్తు ఇంటికి వచ్చిన కంప్యూటర్ మెకానిక్కు ఆరిఫ్. ఒంటిగంటా యాభైకి అతను మెట్లు దిగి పరిగెత్తడం కింద ఇస్త్రీ బండి అబ్బులు భోజనానికి వెళ్తూ చూశాడు. పోలీసులకు అది చాలు. ఖరీదైన ప్రోబు కోసం తోసేశాడు, ఎక్కడో దాచాడు, అంతే కేసు. ఆరిఫ్ తల్లి కరీమున్నీసా ఈ ఉదయం నీలకంఠం గదికి వచ్చి కుర్చీ ఉన్నా కూర్చోలేదు. "నా బిడ్డ మిషన్లు విప్పుతాడు బాబూ, మనుషుల్ని తొయ్యడు" అంది.

"దెబ్బ తల వెనక తగిలింది కదా" అన్నాడు నీలకంఠం. "దిగుతున్న మనిషిని వెనక నుంచి తోస్తే ముఖం మీద పడాలి."

"తిరిగి మాటాడతంటే తోసుంటాడు."

"సంచి జిప్పు?"

"ఏసుంది."

"లోపల ల్యాప్‌టాప్ మూల పగిలిందనీ, సంచి మీద గీత కూడా లేదనీ మీ పంచనామాలోనే ఉంది. పడ్డప్పుడు అది ఆమె చేతుల్లో ఉంది, సంచిలో కాదు. ఆమె పడిపోయాక ఎవరో దాన్ని సంచిలో పెట్టి జిప్పు వేశారు. దొంగ అయితే రెండూ పట్టుకుపోతాడు. ఒకటి పట్టుకుపోయి రెండోది సర్దిపెట్టి వెళ్ళడు."

పోలిరాజు మీసం తడుముకున్నాడు. "పుస్తకాలు సదివి సదివి పాడైపోయావు బావా నువ్వు."

ల్యాప్‌టాప్ తెప్పించాడు. నీలకంఠం దాని పక్కనున్న సాకెట్టు వేలితో తడిమాడు. రేకు వంకరపోయి, ప్రోబు వైరు కొస ముక్క లోపలే ఇరుక్కుని ఉంది. ఎవరో గట్టిగా లాగారు. మెల్లిగా ఊడదీయడం తెలిసిన మెకానిక్కు చేసే పని కాదు.

మెట్ల మొదట్లో కానిస్టేబుల్ పక్కన కూర్చున్న ఆరిఫ్‌ను పిలిచారు. ఇరవయ్యారేళ్ళవాడు, కళ్ళు ఉబ్బి ఉన్నాయి. నీలకంఠం ల్యాప్‌టాప్ ఆన్ చేసి అతనికి చూపించాడు.

"ఇందులో ఆఖరి బొమ్మ సున్నా గంటల ముప్ఫై ఎనిమిది నిమిషాలకి సేవ్ అయిందని ఉంది. తారీకేమో ఐదేళ్ళ కిందటిది. ఏమిటిది?"

"దాంట్లో చిన్న సెల్ ఉంటాది సార్, గడియారం కోసం. అది ఖతం అయిపోయింది. ఎప్పుడు ఆన్ చేస్తే అప్పుడు రాత్రి పన్నెండు కొడతాది. మళ్ళా మొదట్నుంచి."

"నిన్న ఎప్పుడు ఆన్ చేశావు?"

"ఒకటీ ఇరవైకి. ఆన్ చేసి వెంటనే షాపుకి ఫోన్ కొట్టాను, నా సెల్లులో చూడండి, ఒకటీ ఇరవై రెండు. స్క్రీను సరిగ్గా వస్తాదా లేదా అని పాత బొమ్మ ఒకటి తెరిచాను. ఇంక అది కదల్లా. సాఫ్ట్‌వేరు మళ్ళా ఎక్కించాల, షాపుకి తీసుకురా ఆంటీ, అంతదాకా ముట్టుకోవద్దని చెప్పాను. నీకెందుకు నువ్వు ఎల్లు అంది. జుమ్మా టైం దాటిపోతంది, నమాజుకి పరిగెత్తినాను."

"నువ్వు వెళ్ళేటప్పుడు ఇంట్లో ఎవరున్నారు?"

"ఆంటీ, ఆ ఇంటి అక్క. అంతే."

"ఈ మిషనుతో ఆమె ఏం చేస్తుందో నీకు తెలుసా?"

ఆరిఫ్ తల వంచుకున్నాడు. "తెలుసు సార్. అమ్మీకి చెప్పలే."

ఆ తల వంచుకోవడం నీలకంఠానికి తెలిసినదే. అతను చూపు తిప్పుకున్నాడు.

"ఒకటీ ఇరవైకి ముప్ఫై ఎనిమిది కలుపు" అన్నాడు పోలిరాజుతో. "ఒకటీ యాభై ఎనిమిది. ఇతను వెళ్ళిన ఎనిమిది నిమిషాలకి తాయారు బతికే ఉంది, బొమ్మ సేవ్ చేస్తోంది."

"గడియారం సరిగ్గా లేని మిషను, ముద్దాయి సెప్పిన లెక్క. ఏ జడ్జీ నమ్ముతాడు? ఆ ఇంట్లో అసలు స్కానింగే జరగలేదని ఇంటోలు సెప్తన్నారు. మంచినీల్లకి వొచ్చిందంట తాయారు."

"అయితే పైకి పద."

మూడో అంతస్తు క్వార్టరు కామరాజుది. ప్లాంటులో క్రేను ఆపరేటరు, గోదావరి మనిషి, నలభై లోపు. భార్య చంద్రిక వంటింటి గుమ్మానికి ఆనుకుని నిలబడింది. నాలుగో నెల. ఇద్దరు ఆడపిల్లల్నీ పక్కింటికి పంపించారు.

"నేను పొద్దుటి ఏ-షిఫ్టండి" అన్నాడు కామరాజు, అడక్కుండానే. "రెండింటికి దిగానండి. బస్సులో వచ్చేసరికి రెండూ నలభై. అప్పటికే మెట్ల కాడ జనం ఉన్నారండి. ఆయ్."

"మీ తర్వాత క్రేనెక్కే రిలీవరు ఎన్నింటికొచ్చాడు?"

"రెండింటికేనండి."

"క్రేను మీద పనిచేసేవాళ్ళు ఒకరికొకరు సాయం చేసుకుంటారని విన్నాను. అతను ముందొస్తే మీరు ముందు దిగుతారు, రేపు మీరు ముందెళ్తే అతను ముందు దిగుతాడు. పుస్తకంలో మాత్రం ఇద్దరికీ రెండు గంటలే."

"నిన్న అలాంటిదేం లేదండి."

మాట తడబడలేదు. నీలకంఠం చంద్రిక వైపు చూశాడు. ఆమె రెండు చేతులూ కొంగు కింద ఉన్నాయి. కుడి మణికట్టు దగ్గర చీర అంచు పక్కకు జరిగింది, నీలం రంగు మచ్చ కనిపించింది. ఆమె గబుక్కున కప్పేసుకుంది, తప్పు తనదైనట్టు.

ఇల్లంతా చూశాడు. మంచం, దుప్పటి, బాత్‌రూమ్. దుప్పట్లు ఉతికేశారు. వెనక వసారాలో తీగ మీద బట్టలు ఆరుతున్నాయి. వాటికి దూరంగా, విడిగా ఒక మేకుకు మగవాళ్ళ తువ్వాలు వేలాడుతోంది. అంచున గ్రీజు మరకలు. ప్లాంటులో ఇచ్చినది.

"ఇది?"

"డ్యూటీ తువ్వాలండి. మెళ్ళో వేసుకెళ్తాను, చెమటకి."

"ఉతకలేదే?"

"వీక్లీ ఆఫ్ నాడే ఉతుకుతామండి. గ్రీజు అంటుతుందని ఇంటి బట్టల్లో కలపం. సోమవారం నా ఆఫ్."

"అంటే దీన్ని ఇంట్లో ఎవరూ వాడరు."

"ఎవరూ ముట్టుకోరండి."

కామరాజుకు ఆ మాట ఎక్కడికి వెళ్తుందో ఇంకా తెలియలేదు. ఇంటికి రాగానే మేకుకు తగిలించడం పన్నెండేళ్ళ అలవాటు. ఒక మనిషి చావుబతుకుల్లో ఉన్న రోజున కూడా చెయ్యి తన పని తాను చేసుకుపోయింది.

నీలకంఠం తువ్వాలు వెలుతురుకు అడ్డంగా పట్టాడు. మధ్యలో జానెడు మేర బట్ట బిరుసుగా ఉంది. గోటితో గీస్తే పల్చటి, రంగులేని పొర పొట్టులా రాలింది.

"స్కానింగు జెల్లు" అన్నాడు. "ఎండిపోయింది. స్కానింగు జరిగింది, ఈ తువ్వాలు మెళ్ళో వేసుకెళ్ళే మనిషి అప్పుడు ఇంట్లోనే ఉన్నాడు."

పోలిరాజు వచ్చి పట్టుకు చూశాడు. "గంజి బావా ఇది."

"డూటీ తువ్వాలికి గంజెవులెడతారు?" అంది చంద్రిక. అందాకా ఆమె నోరు విప్పలేదు. అని, భర్త వైపు చూసి, మళ్ళీ గుమ్మానికి ఆనుకుంది.



పోలిరాజు నీలకంఠాన్ని ముందుగదిలోకి తీసుకెళ్ళాడు. చేతిలో అట్ట, కాగితాలు. ఈసారి నవ్వు లేదు.

"ఇన్ను. దీన్ని లేబుకి పంపితే మూడు నెలలు. ఈలోగా నీ ఆరిఫ్ లోపలే ఉంటాడు. ఇవాలే ఆగాలంటే, ఇది జెల్లని గుర్తుపట్టినోడు ఒకడుండాల. నువ్వు సూపించావు, నువ్వే రాయి. నాకిలా తెలుసును అని రాయి."

నీలకంఠం రాశాడు. 'సదరు తువ్వాలుపై ఎండినది స్కానింగుకు వాడు జెల్లు అని వైద్య గ్రంథములు చదివినందువలన గుర్తించితిని.' చేతిరాత ఎప్పటికన్నా అందంగా వచ్చింది. అబద్ధం రాసేటప్పుడు అతని అక్షరాలు గుండ్రంగా వస్తాయి. ఉద్యోగంలో ఉండగా కూడా అంతే.

పోలిరాజు చదివాడు. "ఏ గ్రంథం?"

"గుర్తులేదు."

"లాయరు ఇదే అడుగుతాడు. గుర్తులేదంటే నువ్వూ పోతావు, తువ్వాలూ పోద్ది. సరిగ్గా సెప్పు బావా. నీకెలా తెలుసు?"

"తడిపితే తెలుస్తుంది. గంజి తడిపితే మెత్తబడుతుంది, అంతే. ఇది జారుతుంది."

వెనక వసారాలోకి తిరిగి వెళ్ళారు. నీలకంఠం చెంబులో నీళ్ళు తీసుకుని ఆ చార చివర మీద మాత్రం నాలుగు చుక్కలు పోశాడు, మిగతాది లేబుకు ఉండాలని. రెండు వేళ్ళతో రుద్దాడు. బట్ట జిగురుగా, జారుడుగా తేలింది. కోడిగుడ్డు తెల్లసొనలాగా. వేళ్ళు విడదీస్తే తీగ సాగింది.

ఆ స్కానింగు మర్నాడు శ్రీసత్య బకెట్టులో అతని తువ్వాలు నానబెట్టింది. వెనక నుంచి అతను చూస్తున్నాడని ఆమెకు తెలియదు. నీళ్ళలోంచి చెయ్యి పైకి తీసింది, వేళ్ళ మధ్య ఇలాగే తీగ సాగింది. దాని వంక చాలాసేపు చూసింది. తర్వాత ఆ తువ్వాలు ఇంట్లో కనిపించలేదు. అతను అడగలేదు. మళ్ళీ వాళ్ళకు పిల్లలు పుట్టలేదు, అదీ అడగలేదు. కూర సంగతి, కరెంటు బిల్లు సంగతి మాట్లాడుకుంటారు.

"బాబూ" అంది చంద్రిక. ఆమె అతని వేళ్ళ వంకే చూస్తోంది. "నీకెలా తెలుసు?"

పోలిరాజు అడిగిన ప్రశ్నే. కానీ అతను అడిగినప్పుడు దాక్కోవడానికి చోటు ఉంది.

"చదివాను" అన్నాడు.

"సదివినోలు అలగ ముట్టుకోరు."

వెనక పోలిరాజు ఉన్నాడు. రేపటికి ఈ మాట స్టేషన్ అంతా తిరుగుతుంది. ఆరిఫ్ కింద మెట్ల మీద తల వంచుకుని ఉన్నాడు, చెయ్యని పనికి.

"మా ఆవిడకి స్కానింగు తీయించాను" అన్నాడు. "పదమూడేళ్ళయింది. ఆడపిల్ల అన్నారు. నేనే… నేనే తుడిచాను, నా తువ్వాలుతో. అక్కణ్నించి సరాసరి పక్కగదిలోకి తీసుకెళ్ళాను. మణికట్టు పట్టుకుని."

చంద్రిక కొంగు కింద నుంచి చేతులు తీసింది.

"ఆవిడేటంది?"

"ఏమీ అనలేదు."

"ఈ పాలి నానన్నాను" అంది చంద్రిక. వంటింట్లోకి వెళ్ళింది. కామరాజు "ఏయ్, చంద్రికా" అని అడుగు వేశాడు, పోలిరాజు అడ్డంగా చెయ్యి పెట్టాడు. బియ్యం డబ్బా మూత తీసిన చప్పుడు. మోచేతి దాకా బియ్యంలో ముంచి, తెల్లటి ప్రోబు పైకి తీసింది. వైరు కొస విరిగి వేలాడుతోంది. తెచ్చి పోలిరాజు చేతిలో పెట్టింది. దాని సందుల్లో రెండు బియ్యపు గింజలు ఇరుక్కుని ఉన్నాయి.

"ఇద్దరు బతికున్నారు, ఇద్దరిని తీయించీసినారు" అంది, ఎవరి వంకా చూడకుండా. "నిన్న ఈయన డూటీ మజ్జిలో వొచ్చీసినాడు. రెండు సేతులూ పట్టీసినాడు. ఆ తాయారు బొమ్మ సూసి ఆడపిల్లే అంది. ఈయన మెల్లో తువ్వాలు తీసి తుడిసినాడు. లేచి దీన్ని లాక్కున్నాను. ఇంకో ఇంటికి ఎల్లనివ్వనన్నాను. అది ఆ పెట్టి గుండెలకి అదుముకొని గుమ్మం దాటి ఎనక్కి ఎనక్కి ఎల్తా లాగింది. నాను ఒదల్లేదు. పుటుక్కుమంది. అది ఎనక్కి పడిపోయింది. సంపాలని కాదు బాబూ. ఒదల్లేదు, అంతే."

"తర్వాత?"

"నీల్లు పోద్దాం, ఎవులినైనా పిలుద్దామన్నాను. నన్ను లోపలెట్టి గొల్లెం ఏసీసినాడు."

కామరాజు గోడకు ఆనుకుని కిందికి జారి కూర్చున్నాడు. "పిల్లలున్నారండి. నా ఉద్యోగం ఉందండి. ల్యాప్‌టాప్ సంచిలో పెట్టేసి, బస్టాపుకెళ్ళి కూర్చుని, మళ్ళీ వచ్చానండి. ఆవిడ మూలుగుతూనే ఉందండి. నేను పక్క నుంచే దిగానండి."



నీలకంఠం ల్యాప్‌టాప్ పైకి తెప్పించి ఒకటీ యాభై ఎనిమిదికి సేవ్ అయిన బొమ్మ తెరిచాడు. ఆరిఫ్ చెప్పిన మాట అప్పటినుంచీ లోపల గుచ్చుతూనే ఉంది. పాత బొమ్మ తెరిచాను, ఇంక అది కదల్లా. ఆరిఫ్ పరీక్షకు తెరిచిన పాత ఫైలు వెతికి, రెండూ పక్కపక్కన పెట్టాడు. అదే బూడిదరంగు మబ్బు. అదే మూల అదే తెల్లటి చుక్క. వెంట్రుకంత తేడా లేదు.

"చంద్రికా" అన్నాడు. "తాయారు చూసింది నీ బిడ్డను కాదు. ఇది ఇంకెవరిదో, పాత బొమ్మ. మిషను ఆగిపోయి ఉంది. ఆమె ప్రోబు తిప్పింది గాని తెర మీద ఏదీ మారలేదు. ఆమె గమనించలేదు, లేదా గమనించీ చెప్పేసింది."

చంద్రిక తన పొట్ట మీద చెయ్యి వేసుకుంది. అంతే.

కామరాజు తల ఎత్తాడు. కన్నీళ్ళతో తడిసిన ముఖంలో కళ్ళు ఒక్కసారిగా వెలిగాయి. "అయితే… మగపిల్లాడయ్యుండొచ్చా అండి?"

ఆ వెలుగు చూసిన వెంటనే నీలకంఠం తల దించుకున్నాడు. ఆ రోజు ఆ గదిలో తనూ డాక్టరును ఇలాగే అడిగాడు, ఇంకొక్కసారి సరిగ్గా చూడండి అని. ఇలాంటి ముఖంతోనే అడిగి ఉంటాడు. శ్రీసత్య బల్ల మీద పడుకుని ఈ ముఖాన్నే చూసి ఉంటుంది. ఆ బీరువా యంత్రం ఆ రోజు ఎవరి బొమ్మ చూపించిందో కూడా ఇప్పుడు తెలిసే దారి లేదు.

నాలుగూ ఇరవై అయింది. పోలిరాజు కిందికి కేక వేసి ఆరిఫ్ బేడీలు తీయమన్నాడు. కామరాజును నిలబెట్టాడు. "ఆవిడ సంగతి కోర్టు సూసుకుంటాది. వొదల్లేదన్నది అలగే రాత్తాను" అన్నాడు మెల్లిగా. తర్వాత నీలకంఠం పక్కకొచ్చి అట్ట చేతికిచ్చాడు. గొంతు తగ్గించాడు.

"ప్రోబు దొరికీసింది, ఇద్దరూ ఒప్పుకున్నారు. నీ గ్రంథం గొడవ ఇంకెవులూ అడగరు. అలాగే ఒదిలీ బావా. సంతకం ఎట్టీ. నాను ఏటీ ఇన్లేదు."

మంచి మనసుతోనే అన్నాడు. ఇంత మర్యాదగా పోలిరాజు తనతో ఎన్నడూ మాట్లాడలేదు. నీలకంఠం కాగితం చూశాడు. గుండ్రటి అక్షరాలు, ఒక్క కొట్టివేత లేదు. ఈ కాగితం ఏ బీరువాలోనో చెద పట్టేదాకా ఇలాగే శుభ్రంగా ఉంటుంది.

వంటింట్లో చంద్రిక కింద ఒలికిన బియ్యం ఏరుతోంది.

అతను జేబులోంచి పెన్ను తీశాడు. 'వైద్య గ్రంథములు చదివినందువలన' అన్నదాన్ని అడ్డంగా, కనబడేలా కొట్టేశాడు. పైన ఉన్న సందులో, వంకర అక్షరాలతో, 'నా భార్యకు స్కానింగు చేయించి, నా తువ్వాలుతో నేనే తుడిచినందువలన' అని రాశాడు. ఆమె పేరు రాయలేదు, ఆ పేరు తను ఇచ్చేది కాదు. తన పేరు మాత్రం కింద పూర్తిగా రాసి, అట్టను పోలిరాజుకు తిరిగి ఇచ్చాడు.